పొగతోట వరండాల్లో రెండు టైలు

నెల్లూరులో మెడకు టైతో కనబడేవాళ్లు మూడే రకాలు: బడిపిల్లలు, రిసెప్షన్ రాత్రి పెళ్లికొడుకు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. మొదటి రెండు దశలూ దాటి మూడో దశలో ఇరవై రెండేళ్లుగా ఉండిపోయినవాణ్ని నేను. రోహిణీ కార్తెలో సైతం టై బిగించుకొని, బ్యాగు పట్టుకొని పొగతోట ఆసుపత్రుల వరండాల్లో పిలుపు కోసం నిలబడినవాణ్ని కనుక, ఖరీదైన టై నిజంగానే చవక టై కంటే బాగా కనబడుతుందా అన్న విషయంలో నాలుగు మాటలు రాసే అర్హత నాకు కొంత ఉందనుకుంటున్నాను.

మొన్నటి సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా బావమరిది ముదురు నీలం పట్టు టై ఒకటి తెచ్చి ఇచ్చాడు. దాని ధర రూపాయల్లో పన్నెండు వేల పైమాటేనని తెలిసిన తరువాత మా ఆవిడ, "తమ్ముడు ఈ డబ్బుతో నాకొక వెంకటగిరి చీర కొనిపెట్టి ఉండకూడదా అండీ" అన్నది. అప్పటికే నా దగ్గర అదే రంగు టై ఒకటి ఉంది. చిన్నబజారులో మూడు వందలకు కొన్నది. రెండు వారాల పాటు ఒక రోజు ఇది, ఒక రోజు అది, అదే తెల్ల చొక్కా మీద కట్టుకొని, అదే డాక్టర్ల దగ్గరికి వెళ్లి చూశాను.

ఎవ్వరూ ఏ తేడా గమనించలేదు. ఒక పెద్ద డాక్టరుగారు మాత్రం ఒక ఉదయం తల ఎత్తి, "టై బాగుందే" అన్నారు. ఆ రోజు నా మెడలో ఉన్నది మూడు వందలది. ఆ ఉదయం తీరిక దొరికి, ముడి కింద బొటనవేలితో చిన్న గుంట నొక్కి, కొస సరిగ్గా బెల్టు బకిలు దగ్గరికి వచ్చేటట్లు కట్టుకున్నాను. ఆయన కంటికి ఆనింది అదేనని నా నమ్మకం. అడుగున్నర వెడల్పున్న బల్లకు అవతల కూర్చున్న మనిషికి టైలో కనబడేది ముడి, రంగు, పొడవు. అంతకు మించి ఏమీ కనబడదు.

అయితే సాయంత్రానికి కథ మారుతుంది. మూడు వందల టై మధ్యాహ్నం దాటేసరికి ముడి దగ్గర నలిగి, నొక్కిన గుంట మాయమై, ట్యూబులైటు కింద ఒకే పాలిపోయిన మెరుపు మెరిసేది. పట్టుపోగును అడ్డంగా కోసి చూస్తే దాదాపు మూడు మూలలుగా ఉండడం వల్ల దాని మీద పడిన వెలుతురు పలు వైపులకు చెదురుతుంది కనుక, ఖరీదైన టై మెరుపు కదిలినప్పుడల్లా కొద్దిగా మారుతూ, కంటికి గుచ్చుకోకుండా ఉండేది. రాత్రి విప్పి కొక్కానికి తగిలిస్తే తెల్లవారేసరికి దాని మడతలు చాలావరకు సర్దుకునేవి. చవకదాని మడతలు మాత్రం మర్నాటి దాకా అలాగే ఉండేవి.

కారణం తెలుసుకుందామని చవక టైని మా వీధి చివర టైలరు దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన బ్లేడుతో వెనక కుట్టు విప్పి, లోపలి నుంచి కాగితంలా పెళపెళమంటున్న పలచని గుడ్డ ఒకటి బయటికి లాగి, "బక్రం సార్, అదీ అతికించిన బక్రం. ఇంక ముడి ఎట్ట నిలబడుద్ది?" అన్నాడు. నా దృష్టిలో ఈ వ్యవహారమంతటికీ కీలకం ఆ లోపలి గుడ్డే. మంచి టైలో అక్కడ ఉన్ని గానీ, ఉన్ని కలిసిన గుడ్డ గానీ ఉండి, ముడి వేసినప్పుడు ఒదిగి, విప్పగానే తిరిగి సాగుతుంది. వెనక వైపు నిలువునా ఒకే దారంతో చేతితో వదులుగా కుట్టి, కొసన కొంచెం దారం ఉచ్చులా మిగిల్చి వదులుతారు. టై లాగినప్పుడు గుడ్డ చిరగకుండా ఆ దారం జరుగుతుంది. నా మూడు వందలదానికి మిషను కుట్టు బిగదీసి వేసి ఉంది.

కోత సంగతి కూడా టైలరే చూపించాడు. జాకెట్టు పట్టీలకు వేసే క్రాస్ కటింగే టైకీ వేయాలి. అంటే గుడ్డను పోగుల వెంట కాక, 45 డిగ్రీల వాలులో కత్తిరించాలి. న్యూయార్కులో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన 1920ల్లో ఇలా వాలుగా కోసిన మూడు ముక్కలను కలిపి కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నేటి టైలన్నీ దాదాపు ఆ పద్ధతివే. వాలుగా కోస్తే గుడ్డ ఎక్కువ పడుతుంది కనుక చవకగా తయారుచేసేవాళ్లు అక్కడే చెయ్యి బిగిస్తారు. సన్నకొస పట్టుకొని గాలిలో వేలాడదీస్తే, వాలు తప్పిన టై మెలి తిరుగుతుంది. నాది తిరిగింది.

మా ఆవిడ పుట్టిల్లు వెంకటగిరి. కళ్లు మూసుకొని రెండు టైలనూ వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి, "ఇది పట్టు, ఇది ప్లాస్టిక్" అని తేల్చేసింది. నేను ఇంకా సందేహిస్తుంటే చవకదాని లోపలి నుంచి ఒక పోగు లాగి స్టవ్ మీద కాల్చి చూపింది. కరిగి నల్లని పూసలా గడ్డకట్టింది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయ్యేది. ఇంత చేసిన తరువాత ఆమే, "అయినా మెడలో ఉన్నదాన్ని తడిమి చూసేదెవరండీ?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి నా లెక్క ఇది. మూడు వందల టైకీ, లోపల ఉన్ని, పైన పట్టు ఉన్న పదిహేను వందల టైకీ మధ్య తేడా సాయంత్రానికైనా కంటికి తెలుస్తుంది. అక్కడి నుంచి పన్నెండు వేల దాకా పోయిన డబ్బులో ఎక్కువ భాగం పేరుకు, పెట్టెకు, దుకాణం అద్దెకు పోతుంది. అది వరండాలో ఎదురుగా నిలబడ్డవాడికి కనబడదు. పైగా మన ఊళ్లో పట్టు టైకి మరో గండం ఉంది. మధ్యాహ్న భోజనంలో చేపల పులుసు చుక్క ఒకటి దాని మీద పడితే నీళ్లతో తుడిచినా మరక మిగులుతుంది. పాలియెస్టర్ టై మీద పడితే సబ్బుతో ఉతికి ఆరేసుకోవచ్చు.

టైలరు ఆ మూడు వందల టైకి పాత కోటులోంచి తీసిన ఉన్ని గుడ్డ వేసి, చేతితో వదులుగా కుట్టి, నూట యాభై తీసుకున్నాడు. కోత కోతే కనుక వేలాడదీస్తే ఇప్పటికీ కొంచెం మెలి తిరుగుతుంది గానీ, ముడి సాయంత్రం దాకా నిలుస్తోంది. ఖరీదైనదాన్ని కూడా ఒకసారి విప్పి చూస్తానని ఆయన మూడుసార్లు అడిగాడు. మా బావమరిది మళ్లీ వచ్చి వెళ్లేదాకా ఆగమన్నాను.