మూడు కోట్ల డాలర్ల ఫ్యాన్ గాలి

"నువ్వు హైదరాబాద్ నుంచే కదా వచ్చింది? ఫ్యాన్ అంటే అంత చిన్నచూపేమిటి?" అని మా సీనియర్ ఇంజనీరు మీటింగులో అందరి ముందూ అడిగేసింది. ఓ కాలేజీ కొత్త బిల్డింగుకి ఏసీ లెక్కలు వేస్తున్నాం. క్లాసుల్లో సీలింగ్ ఫ్యాన్లు పెడదామని ఆవిడ, చీప్‌గా కనిపిస్తుందని నేను. ఏప్రిల్ ఎండల్లో కరెంటు ఎప్పుడొస్తుందా అని ఆగిపోయిన ఫ్యాన్ వైపు చూస్తూ ఎంసెట్‌కి చదివినవాడికి ఏసీ విలువేమిటో అట్లాంటాలో పుట్టినవాళ్ళకేం తెలుస్తుంది?

ఆ వారమే నన్ను అట్లాంటాలోని జార్జియా టెక్ యూనివర్సిటీలో ఉన్న కెండెడా బిల్డింగుకి తీసుకెళ్ళింది. కెండెడా ఫండ్ అనే దాతృత్వ సంస్థ ఇచ్చిన మూడు కోట్ల డాలర్ల విరాళంతో వెలసింది. 2019లో తెరిచారు, 2021లో 'లివింగ్ బిల్డింగ్' సర్టిఫికెట్ వచ్చింది. అది ఊరికే ఇవ్వరు. ఏడాది పాటు వాడిన కరెంటు కంటే ఎక్కువే పుట్టించినట్టు మీటర్లు చూపించాలి. పైన పడ్డ వాన నేలమాళిగలోని తొట్టిలోకి చేరుతుంది, దాన్నే శుద్ధి చేసి తాగుతారు. పడమటి వైపు సోలార్ పలకలే కప్పుగా పెద్ద వసారా. లోపల కాంక్రీటు నేలలో పైపులు, వాటిలో చల్లటి నీళ్ళు, పైన ఫ్యాన్లు. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, ఒంటి మీది చెమటని ఆరబెడుతుంది, అందుకే ఏసీని కొంచెం ఎక్కువ డిగ్రీల మీద ఉంచినా ఉక్కపోయదు. ఇది నాకు ఆవిడ చెప్పాలా!

ఒకటి మాత్రం నిజంగా నచ్చింది. పైకప్పుకి చెక్కల్ని నిలువుగా పేర్చి మేకులు కొట్టి పలకలు చేశారు. ఆ వరసల్లో కొత్త చెక్క పక్కనే సినిమా సెట్లు విప్పేశాక మిగిలిన చెక్క కూడా ఉంది. తలెత్తి చాలాసేపు చూశాను.

అమ్మకి ఫోన్‌లో చెబితే, "వసారా, ఫ్యాను, వాననీళ్ళ తొట్టి. ఇవి చూడ్డానికి అంత దూరం వెళ్ళాలట్రా?" అంది. నా కడుపుమంటా అదే. మనం వదిలించుకున్న వాటికి ఇక్కడ సర్టిఫికెట్లు. అందుకే మా సీనియర్‌కి గట్టిగానే చెప్పాను: పర్యావరణానికి మేలుచేసే బిల్డింగులకిచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం, అమెరికా బయట మొట్టమొదట 2003లో మా హైదరాబాదులోని సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కే వచ్చింది, నడుమ వాకిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచే బురుజులు అన్నీ ఉన్నాయని. "మరి మీ కాలేజీలన్నీ అలాగే కడుతున్నారా?" అంది. కాలేజీ ముందు అద్దాలు అడ్మిషన్ల బ్రోచర్ కోసమని నాకు తెలుసు. చెప్పలేదు. ఇంటిగుట్టు.

మరుగుదొడ్ల దగ్గర మాత్రం నా గొప్పలు సాగలేదు. ఫ్లష్ చేస్తే నీళ్ళకి బదులు నురగ వస్తుంది, నీళ్ళ ఖర్చు నామమాత్రం. అంతా కిందున్న పెట్టెల్లో చెక్కపొట్టుతో కలిసి ఎరువవుతుంది. మాకూ ఇలా నీళ్ళు అక్కర్లేనివి ఉండేవి అనబోయి ఆగిపోయాను. ఉండేవి, ఎత్తిపోయడానికి మనిషి కూడా ఉండేవాడు. ఆ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం తెచ్చి, చాలక 2013లో ఇంకోటి తెచ్చారు. దాని మీదే పోరాడిన బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇక్కడ ఆ పెట్టెలు చూసుకోవడం జీతానికి చేసే పని, పుట్టుకతో ఎవరికీ అంటుకోదు. అలాగని వీళ్ళ దగ్గర అంతా సమానమనీ అనను. రాత్రి మా ఆఫీసు ఊడ్చేవాళ్ళలో తెల్లవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

కాలేజీ బిల్డింగుకి ఫ్యాన్లు ఖాయమయ్యాయి, లెక్కలు నేనే వేశాను. ఇప్పుడు కంపోస్టు మరుగుదొడ్లూ పెడదామంటున్నారు. కిందికి దిగేదెవరు, వారానికి ఎన్ని గంటలు, జీతమెంత అని అడిగాను. అది డిజైన్ వాళ్ళ విషయం కాదు, మెయింటెనెన్స్ వాళ్ళు చూసుకుంటారన్నారు. ఆ వివరం కూడా డ్రాయింగుల్లోనే ఉండాలని నేను పట్టుబట్టాను. సీనియర్ ఏమీ అనలేదు, రాసుకుంది. వచ్చే మంగళవారం మళ్ళీ మీటింగు.