పాత పికప్ కొన్నాను: అసలు లెక్క, చెకింగ్, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం పడ్డ పాట్లు

ఆర్సీ నా పేరు మీదకి మారింది. కొత్తది కొనాలా పాతది కొనాలా అని గుంటూరు, విజయవాడల్లో తిరుగుతున్న వాళ్ల కోసం, వివరాలన్నీ గుర్తుండగానే రాస్తున్నాను. నాది పశువుల దాణా వ్యాపారం. గుంటూరు నుంచి తెనాలి, చిలకలూరిపేట వైపు ఊళ్లకి టన్నున్నర లోపు లోడు, వారంలో సగం రోజులే పని.

ముందు డబ్బు సంగతి. కొత్త బండికి నాకిచ్చిన కొటేషన్ ఆన్‌రోడ్ 10 లక్షల 40 వేలు. 9 లక్షలు లోను, 10 శాతం వడ్డీ, 60 నెలలు అంటే నెలకి 19,122 రూపాయల కిస్తీ. వడ్డీ ఒక్కటే దాదాపు 2 లక్షల 47 వేలు. నేను కొన్న 2019 మోడల్ బొలెరో పికప్ బేరం 4 లక్షల 70 వేలకి తెగింది. పైకి చూస్తే సగం కంటే తక్కువ. కానీ బండి రోడ్డెక్కాలంటే నాలుగు టైర్లు 28 వేలు, క్లచ్ సెట్టు కూలితో కలిపి 14 వేలు, బ్రేకులు, కమాన్ (స్ప్రింగ్ పట్టీల) బుష్‌లు 11 వేలు, బ్యాటరీ 7 వేలు, తొట్టి అడుగు రేకు వెల్డింగ్ 15 వేలు, ఇన్సూరెన్స్ 24 వేలు, కాగితాల ఖర్చు 6 వేలు. మొత్తం 5 లక్షల 75 వేలు తేలింది.

పాత బండి లోనులో ఒక మెలిక ఉంది. "పది శాతమే అండీ" అంటారు. అది ఫ్లాట్ వడ్డీ, అంటే బాకీ తగ్గినా మొదటి అసలు మొత్తం మీదే వేసే వడ్డీ. 3 లక్షలకి మూడేళ్లు అంటే 90 వేల వడ్డీ, కిస్తీ 10,833. కట్టేకొద్దీ తగ్గే బాకీ మీద లెక్క వేస్తే అది దాదాపు 18 శాతం. నిజంగా 10 శాతమే అయితే వడ్డీ 48 వేల చిల్లర దాటదు. "ఫ్లాటా, రెడ్యూసింగా?" అని అడిగి, రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం పెట్టండి.

ఐదేళ్ల తర్వాత కొత్తది 5 లక్షలకి, పాతది 2 లక్షలకి పోతాయనుకుందాం. రిపేర్లు కొత్తదానికి ఏడాదికి 25 వేలు, పాతదానికి 60 వేలు వేసుకుందాం. వడ్డీతో సహా కలిపితే కొత్తదానికి 9 లక్షల 12 వేలు, పాతదానికి 7 లక్షల 65 వేలు. బేరం దగ్గర కనిపించిన 5 లక్షల 70 వేల తేడా చివరికి లక్షన్నరకి దిగింది, అంటే నెలకి రెండున్నర వేలు. నెలలో ఒక్క రోజు బండి షెడ్డులో ఆగితే అదీ మిగలదు. రోజూ కిరాయికి తిప్పే వాళ్లు అందుకే కొత్తది కొనుక్కోవడం మేలు. నాలా సగం రోజులు బండిని నిలిపి ఉంచే వాళ్లకి 19 వేల కిస్తీ గుదిబండ.

ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఏడున్నర లక్షల మూల ధర మీద అది 75 వేలు. పాత బండ్లు అమ్మే వాళ్లు ఇంకా అంతకుముందు ధరలు మనసులో పెట్టుకుని చెబుతారు. ఈ మాట ఎత్తితేనే బేరం దిగింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, పన్ను పడే సరుకు అమ్మే వ్యాపారికి కొత్త బండి మీద ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుంది, అంటే బండికి కట్టిన జీఎస్టీని తను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. మామూలు మనిషి దగ్గర పాతది కొంటే రాదు.

చెకింగ్‌కి ఆటోనగర్‌లో మీ సొంత మెకానిక్కునే తీసుకెళ్లండి, బ్రోకర్ చూపించినవాణ్ణి కాదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. ముందే వేడి చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నట్టే. ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ భకభకా తన్నితే బ్యాక్ కంప్రెషన్, రింగులు పోయినట్టు. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, వదలని నల్ల పొగ ఇంజెక్టర్లనో, గాలి ఫిల్టర్‌నో చూడమని చెబుతాయి. వెనక కమాన్ కట్టకి అదనపు పట్టీ వేసి ఉంటే ఓవర్‌లోడ్ తోలిన బండి. అప్పుడు కమాన్ బ్రాకెట్ల దగ్గర ఛాసిస్‌కి పగుళ్లు, కొత్త వెల్డింగ్ ఉన్నాయేమో టార్చ్‌తో చూడాలి. కైకలూరు, భీమవరం వైపు చేపలు, రొయ్యలు తోలిన బండ్లకి ఐసు నీళ్లు కారి కారి ఛాసిస్ లోపల్నుంచి తుప్పు తింటుంది. పైన నల్ల రంగు కొట్టి ఉంటే సుత్తితో తట్టి వినండి.

విజయవాడ బండి అయితే 2024 సెప్టెంబర్ బుడమేరు వరద మర్చిపోవద్దు. అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్నో బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగండి, చివర బురద చార కనిపిస్తుంది. ఫ్యూజ్ బాక్స్, వైరింగ్ కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తెలంగాణ నంబర్ల జోలికీ నేను పోలేదు. అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఫారం 28 ఎన్‌వోసీ, ఇక్కడి పన్ను, కొత్త నంబరు అంటూ అది వేరే ప్రయాణం.

ఇక నన్ను నలిపేసింది ఫైనాన్స్ ఆఫీసు.

లోను ఏడాది క్రితమే తీరిపోయిందని ఓనరు రసీదు చూపించాడు. సర్కారు వారి పరివాహన్ సైట్‌లో చూస్తే ఫైనాన్స్ సంస్థ పేరు అలాగే ఉంది. అది తీయించాలంటే వాళ్ల ఎన్‌వోసీ కావాలి. "రెండు రోజుల పని అన్నా" అన్నాడు బ్రోకర్. ఆఫీసుకి వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి, "లోను మీ పేరు మీద లేదు కదండీ, మీకేం చెప్పం, బయట నిలబడండి" అంది. నలుగురి ముందు నిలబెట్టి అన్న మాట అది. డబ్బు పెట్టి కొంటున్న మనిషికి ఒక కుర్చీ చూపించలేని ఆఫీసు. ఓనర్ని వెంటబెట్టుకుని వెళ్తే అసలు విషయం బయటపడింది. బండి లోను తీరింది నిజమే. కానీ అతను బావమరిది ట్రాక్టర్ లోనుకి అక్కడే జామీను ఉన్నాడు. ఆ కిస్తీలు బకాయి ఉన్నాయి. జామీను ఉన్న లోను మొండిపడితే ఈ ఎన్‌వోసీ ఆపొచ్చని అగ్రిమెంట్‌లోనే రాసుకున్నారు. ఈ ముక్క వాళ్లు మొదట ఫోన్‌లో చెబితే సరిపోయేది!

నన్ను కాపాడింది ఒక్కటే, బేరం డబ్బులో లక్ష రూపాయలు నా దగ్గరే ఆపి ఉంచడం. ఓనరు చేత కాగితం రాయించి, ఆ లక్షలోంచి ట్రాక్టర్ బకాయి నేరుగా లోను ఖాతాలో కట్టి రసీదు తీసుకున్నాను. అప్పుడు ఎన్‌వోసీ, సంతకం, సీలుతో ఫారం 35 (ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీసేయించే కాగితం) ఇచ్చారు. తీరా ఆర్టీఏ ఆఫీసులో ఇస్తే ఛాసిస్ నంబర్‌లో ఒక అంకె తేడా అని వెనక్కిచ్చారు. తప్పు టైపు చేసింది ఫైనాన్స్ వాళ్లు, మళ్లీ వాళ్ల గుమ్మం దగ్గర నిలబడింది నేను. కౌంటర్ దాటకముందే ఆర్సీ పక్కన పెట్టుకుని ఛాసిస్, ఇంజన్ నంబర్లు అంకె అంకె సరిచూసుకోండి. ఎన్‌వోసీ చేతికి రాకుండా మొత్తం డబ్బు ఎవరికీ ఇవ్వొద్దు, ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే.

ఆ తర్వాత ఓనరు పేరు మార్పుకి ఫారం 29, 30, చలాన్లు కట్టడం, స్లాట్, ఛాసిస్ ప్రింట్ అన్నీ సాఫీగా జరిగిపోయాయి. పర్మిట్ గొడవ మనకి లేదనుకునే ముందు ఆర్సీలో మొత్తం బరువు చూడండి. 3,000 కిలోలు దాటని సరుకు బండికే ఆ మినహాయింపు. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. కాబట్టి 2019 బండికి 2027 నుంచి ఏటా ఆ ఖర్చు వేసుకోవాలి. పాత ఇన్సూరెన్స్ నడుస్తుంటే కొన్న 14 రోజుల్లో పేరు మార్పుకి అర్జీ పెట్టాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనకి రాదు, ఆ తేడా మనమే కట్టాలి.