ఒంటిని బాధపెడితే లోపలున్న ఆయన్ని కూడా

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో ఆరో శ్లోకం గురించి ఎందుకో మనం పెద్దగా మాట్లాడుకోం.

కర్శయంతః శరీరస్థం భూతగ్రామమచేతసః |
మాం చైవాంతఃశరీరస్థం తాన్ విద్ధ్యాసురనిశ్చయాన్ ||

శాస్త్రం చెప్పని ఘోరమైన తపస్సులు డాంబికంతో, అహంకారంతో చేసేవాళ్ల సంగతి దీనికి ముందు శ్లోకంలో ఎత్తుకుని, ఇక్కడ కృష్ణుడు వాళ్లని గట్టిగానే అంటాడు. తెలివిలేక ఒంట్లోని భూతసమూహాన్ని, అంటే ఈ ఒళ్లు ఏర్పడ్డ పంచభూతాల్ని, పీడిస్తున్నారు, లోపల ఉన్న నన్నూ పీడిస్తున్నారు, వాళ్లది అసుర నిశ్చయమని తెలుసుకో అని. ఆ "నన్నూ" దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మనం గుళ్లో విగ్రహానికి చిన్న గీత పడినా అయ్యో అంటాం, కానీ మన మడమలు పగిలి నెత్తురు వస్తున్నా నెలల తరబడి పట్టించుకోం.

ఇది ఉపవాసాలు వద్దని చెప్పే శ్లోకం కాదు, ఆ మాట ముందే చెప్పాలి. నియమంగా, ఒంటికి పడేట్టు చేసే ఉపవాసం వేరు. ఆయన తప్పుపట్టేది మొండితనాన్ని. అదే అధ్యాయం పంతొమ్మిదో శ్లోకంలో, మూఢమైన పట్టుదలతో తనను తాను హింసించుకుంటూ చేసే తపస్సు తామసం అని తేల్చేస్తాడు.

మరి శరీరంతో చేసే మంచి తపస్సు ఏది? పద్నాలుగో శ్లోకంలో ఆ జాబితా ఉంది: పెద్దల్నీ దేవుళ్లనీ పూజించడం, శౌచం, రుజువర్తన, బ్రహ్మచర్యం, అహింస. చూశారా, శుభ్రంగా ఉండటం, హింసించకుండా ఉండటం రెండూ అందులోనే ఉన్నాయి. అహింస అనగానే మనకి పక్కవాళ్లే గుర్తొస్తారు, మన వీపు, మన కళ్లు, మన మోకాళ్లు ఆ లెక్కలోకి రావు. ఎందుకు రాకూడదు?

ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి తపస్సు చేసేవాళ్లు మనలో లేరు. కానీ దాహం వేస్తున్నా "ఈ ఒక్క పనీ అయ్యాక" అనుకోవడం, బాత్రూమ్‌కి వెళ్లాల్సింది గంటసేపు ఆపుకోవడం, నిద్ర ముంచుకొస్తున్నా ఫోన్ పట్టుకుని కూర్చోవడం, అద్దంలో చూసుకుని మనల్ని మనమే తిట్టుకోవడం, ఇవన్నీ మామూలైపోయాయి. వాగ్భటుడు అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో బలవంతంగా ఆపుకోకూడని వేగాలు, అంటే ఒంటికి సహజంగా వచ్చే తొందరలు, 13 చెప్పాడు. మలమూత్రాలు, తుమ్ము, దగ్గు సరే, ఆకలి, దప్పిక, నిద్ర, ఆవులింత కూడా ఉన్నాయి, ఇంకా కన్నీళ్లు! ఏడుపొస్తే ఏడవనివ్వాలి అని అంత పాతకాలపు వైద్యుడు రాసిపెట్టాడంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

రోజూ ఒంటికి నూనె రాసుకోమన్నదీ ఆయనే. అంత తీరిక ఎవరికుంటుంది అంటారని తెలుసో ఏమో, తలకి, చెవులకి, పాదాలకి మాత్రం ప్రత్యేకంగా రాసుకోమన్నాడు. కఫం చేసినవాళ్లు, అజీర్ణంతో ఉన్నవాళ్లు మాత్రం మానేయాలట. మంచిపని అయినా ఈ రోజు ఒళ్లు ఒప్పుకుంటుందా అని చూసుకుని చేయాలి అన్నమాట. నాకు నచ్చింది ఇదే. ఒళ్లు చూసుకోవడాన్ని కూడా ఇంకో టార్గెట్‌లా పెట్టుకుని, ఒక రోజు తప్పితే టెన్షన్ పడిపోయేవాళ్లని చూస్తుంటాం కదా, అది మళ్లీ ఆ మొండి తపస్సే.

నేను చెప్పేది చాలా చిన్నది. స్నానం చేసేటప్పుడు గిన్నెలు తోమినట్టు ఒళ్లు రుద్దేసుకోకుండా కాస్త నిదానంగా నీళ్లు పోసుకోండి. పాదాలకి నూనె రాసుకునేటప్పుడు మీకిష్టమైన నామం ఏదైనా అనుకోండి, అనుకోకపోయినా ఫర్వాలేదు. జ్వరంతో ఉండి స్నానం చేయలేకపోయారా, ముఖం, చేతులు తుడుచుకుని కూర్చుని దణ్ణం పెట్టుకోండి, అపచారమని కుమిలిపోవద్దు.

రాత్రి జపం మధ్యలో కునుకు తూగుతుంటే లెక్క పూర్తి చేయాలని కళ్లు నలుపుకుంటూ కూర్చోనక్కర్లేదు. అతిగా నిద్రపోయేవాడికే కాదు, అతిగా మేలుకునేవాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు. మాల పక్కన పెట్టి పడుకోండి, మిగతాది పొద్దున చేసుకోవచ్చు.