హాస్సే హద్దు, అంటార్కిటికా ప్లస్-ఆర్-మైనస్

పీహెచ్‌డీ అంతా ఎలిప్టిక్ కర్వుల మీద బిందువులు లెక్కపెట్టి, ఇప్పుడు మంచు పలకల మోడల్‌కి కోడ్ రాస్తున్నానంటే, ఈ రెంటికీ ఏం సంబంధమని అడుగుతారు. ఉద్యోగం ఇక్కడ దొరికింది, అదే సంబంధం. అయితే వచ్చాక ఒకటి గమనించాను. రెండు చోట్లా జవాబుకి ఒక హద్దు ఉంటుంది. ఆ రెండు హద్దులూ ఒక జాతివి కావు.

ముందు పాత కాపురం సంగతి. వై వర్గం = ఎక్స్ ఘనం + ఎక్స్ + 1 అనే సమీకరణం తీసుకోండి. ఎలిప్టిక్ కర్వ్ అంటే ఇలాంటిదే, దానికి సరిపోయే ఎక్స్, వైల జత ఒక్కొక్కటీ ఒక బిందువు. సంఖ్యలన్నిటినీ 5తో భాగించి శేషాలే ఉంచుకోండి. ఎక్స్‌కి 0, 2, 3, 4 ఇస్తే రెండేసి వై విలువలు దొరుకుతాయి, 1 ఇస్తే ఒక్కటీ దొరకదు. మొత్తం ఎనిమిది. అనంతంలో ఉందనుకునే బిందువును కలిపితే తొమ్మిది. 5 బదులు పి అనే ప్రధాన సంఖ్య పెడితే, బిందువుల సంఖ్య పి ప్లస్ 1కి ఇటో అటో ఉంటుంది. ఆ తేడా రెండు రూట్ పి దాటదని జర్మన్ గణితవేత్త హాస్సే 1930లలో నిరూపించాడు. మన చిన్న లెక్కలో 6కి 4.47 లోపు. 9 బుద్ధిగా లోపలే ఉంది.

క్రిప్టోగ్రఫీలో, అంటే సమాచారాన్ని రహస్యంగా దాచే పనిలో, తరచుగా వాడే పికి 78 అంకెలుంటాయి. ఒక్కొక్క బిందువూ లెక్కపెట్టడం జరిగే పని కాదు. 1985లో రెనే షూఫ్ అనే గణితవేత్త చూపిన దారి ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. పి ప్లస్ 1 నుంచి ఉన్న తేడా ఎంతో నేరుగా కనుక్కోడు. దాన్ని 2తో, 3తో, 5తో, 7తో భాగిస్తే మిగిలే శేషాలు మాత్రం కనుక్కుంటాడు. అలా 103 దాకా వెళ్తే 27 ప్రధాన సంఖ్యలవుతాయి. వాటి లబ్ధం హాస్సే హద్దు మొత్తం వెడల్పును దాటిపోతుంది కాబట్టి, ఆ శేషాలన్నీ సరిపోయే సంఖ్య హద్దులో ఒక్కటే మిగులుతుంది. తర్వాత ఎల్కీస్, ఆట్కిన్ దీన్ని బాగా వేగం చేశారు, ఇప్పుడు ల్యాప్‌టాప్ మీద సెకన్ల పని. కర్వ్ మీది బిందువుల్ని ఒకదానితో ఒకటి కూడే పద్ధతి ఉంది, అందులో అనంత బిందువే సున్నా. అనుమానమొస్తే ఏదో ఒక బిందువును తీసుకుని, వచ్చిన జవాబు ఎంతో అన్నిసార్లు దాన్ని కూడి చూడొచ్చు. అనంత బిందువు రాలేదా, జవాబు తప్పు. ఈ సుఖం అలవాటైపోయింది నాకు.

ఇప్పుడు మంచు. 1992 నుంచి 2017 దాకా అంటార్కిటికా కోల్పోయిన మంచు 2,720 గిగాటన్నులు (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు), ప్లస్-ఆర్-మైనస్ 1,390. సముద్రమట్టంలో చెప్పాలంటే 7.6 మిల్లీమీటర్లు, ప్లస్-ఆర్-మైనస్ 3.9. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. జవాబులో సగం హద్దే!

అక్కడా ఎవరూ నేరుగా కొలవరు, మూడు దొడ్డిదారులున్నాయి. ఒకటి, శాటిలైట్‌తో మంచు ఎత్తు కొలవడం. తగ్గింది గట్టి మంచా, పైపై పొడి మంచా అన్నది అది చెప్పదు. రెండోది, కురిసిన మంచులోంచి సముద్రంలోకి జారిపోయింది తీసెయ్యడం. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా కాబట్టి, ఏ ఒక్కటి కాస్త అటూ ఇటూ అయినా జవాబు తలకిందులే. మూడోది 2002లో ఎగిరిన గ్రేస్ శాటిలైట్ల జంట. దాదాపు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ, తమ మధ్య దూరం మైక్రాన్లలో మారినా పసిగట్టేవి. కింద బరువు తగ్గితే గురుత్వాకర్షణ తగ్గుతుంది, ఆ దూరం మారుతుంది. ఏకంగా ఖండాన్ని తూకం వేయడమన్నమాట. చిక్కల్లా ఏమిటంటే, మంచుయుగంలో కిందికి అణిగిపోయిన నేల ఇంకా పైకి లేస్తూనే ఉంది. తగ్గింది మంచా, పెరిగింది రాయా అన్నది గ్రేస్‌కి తెలీదు. దాన్ని మోడల్‌తో తీసెయ్యాలి, మోడళ్ళేమో ఒకదానితో ఒకటి ఒప్పుకోవు.

మంచు ఎలా ప్రవహిస్తుందన్న సూత్రం సంగతీ అంతే. 1950లలో కేంబ్రిడ్జ్‌లో జాన్ గ్లెన్ మంచు దిమ్మల్ని నొక్కి చూసి, ఒత్తిడి పెరిగితే మంచు ఎంత వేగంగా సాగుతుందో చెప్పే నియమం రాశాడు, అందులో ఒత్తిడి మీది ఘాతం సుమారు 3. (కొన్నేళ్ళకి అదే యూనివర్సిటీలో బర్చ్, స్విన్నర్టన్-డయర్ అనే గణితవేత్తలు ఎడ్‌సాక్-2 కంప్యూటర్ మీద ఎలిప్టిక్ కర్వుల బిందువులు లెక్కపెట్టారు. నా రెండు ఉద్యోగాలూ ఒకే ఊళ్ళో పుట్టాయన్నమాట.) మేమందరం కోడ్‌లో ఆ 3నే పెట్టుకుంటాం. సముద్రం మీద తేలే అంటార్కిటికా మంచును శాటిలైట్లతో చూసి 2022లో వచ్చిన ఒక పరిశోధన మాత్రం 4కి దగ్గరంటోంది. హాస్సే సిద్ధాంతంలో ఆ 2 ఏదో ఒకరోజు 3 అవుతుందేమోనని ఎప్పుడైనా టెన్షన్ పడ్డామా?

మా బాబాయ్ ఇరిగేషన్‌లో పనిచేసి ధవళేశ్వరంలో రిటైరయ్యాడు. అంటార్కిటికా అంకెలు చెప్తే నాలా కంగారుపడలేదు. "గోదావరిలో పది లక్షల క్యూసెక్కులని రాసేవాళ్ళం. ఎవడు కొలిచాడురా ఆ నీళ్ళు? మట్టం చూసి, గేట్లు చూసి, పట్టికలోంచి తీసి రాయడమే. అయినా 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇవ్వలేదా?" అన్నాడు. తర్వాత నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టే ప్రశ్న వేశాడు: "సరే, మూడు పద్ధతులున్నాయన్నావు. మూడూ ఒకే వైపు తప్పితే?"

శేషాలతో ఆ భయం లేదు, 3తో వచ్చిన శేషానికి 5తో వచ్చినదాని మీద ఆధారపడాల్సిన పని లేదు. మంచులో ఉంది. అందుకే నేల ఎంత లేస్తోందో నేరుగా కొలవడానికి అంటార్కిటికాలో మంచు లేని రాళ్ళ మీద జీపీఎస్ స్టేషన్లు పెట్టారు. పశ్చిమాన అమండ్సెన్ సముద్రం దగ్గర నేల ఏడాదికి 41 మిల్లీమీటర్ల దాకా లేస్తోందని 2018లో తేలింది, మోడళ్ళు అనుకున్నదానికంటే చాలా వేగం. అంటే అక్కడ పోతున్న మంచు గ్రేస్ లెక్కకన్నా దాదాపు పది శాతం ఎక్కువ. అది చెప్తే బాబాయ్, "మరి తూర్పున ఎన్ని స్టేషన్లు పెట్టార్రా?" అన్నాడు. చాలా తక్కువ, బాబాయ్. అక్కడ రాయి బయటికి కనపడేదే తక్కువ.