వార్తల్లేని పత్రికకు నంబరు తెచ్చుకున్నా

నిన్న సాయంత్రం మా పత్రికకు రిజిస్ట్రేషన్ నంబరుతో సర్టిఫికెట్ వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. రేపటికి మంచివాణ్ణయిపోయి అన్నీ మర్చిపోతానేమోనని భయం.

మాది మూడు నెలలకోసారి వచ్చే ఫొటో పత్రిక. వెనక ఏ సంస్థా లేదు, ప్రకటనలూ లేవు. మొదటి సంచికలో ఎనిమిది మంది ఉన్నారు. వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే తివాచీలు) నేసే ఇంటి పిల్లగాడు ఫోన్‌తో తీసిన మగ్గాలు, కాజీపేటలో ఉండే ఒక నర్సు తీసిన నైట్ డ్యూటీ, ఉట్నూరు వైపు నుంచి ఒక గోండు అమ్మాయి తన మేనత్తల్ని తీసిన పన్నెండు పోర్ట్రెయిట్లు. అందరి కెమెరాలూ కలిపి అమ్మినా పెళ్లి స్టూడియోవాళ్ల ఒక్క లెన్సు రాదు. కానీ ఆ పన్నెండు ఫొటోల్లాంటివి హైదరాబాద్ గ్యాలరీల్లో కూడా నేను చూడలేదు. గొప్పలంటే అనుకోండి.

ఆన్‌లైన్ పని తేలిక. పత్రికల రిజిస్ట్రేషన్‌కు 1867 నాటి చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్తది వచ్చింది. టైటిల్‌కూ రిజిస్ట్రేషన్‌కూ ప్రెస్ సేవా పోర్టల్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో ఒకేసారి దరఖాస్తు పెట్టొచ్చు. "లోపల మనోళ్లున్నరు" అనే ఏజెంట్‌కు పైసా ఇవ్వకండి. నేనిచ్చాను, అందుకే చెప్తున్నా.

తర్వాత వెరిఫికేషన్‌కు రమ్మన్నారు. ఏ ఆఫీసో చెప్పను. డమ్మీ (నమూనా) కాపీ పట్టుకుని పొద్దున పదింటికి వెళ్తే మూడింటికి పిలిచారు.

"ఏ పార్టీ పేపర్ తమ్మీ?" అన్నాడు ఆఫీసరు.

"ఏ పార్టీదీ కాదు సార్, ఫొటోల పత్రిక."

ఆయన పేజీలు తిప్పాడు. మళ్లీ మొదటికి వచ్చి తిప్పాడు. "వార్తలేవి?"

"వార్తలుండవు సార్."

"వార్తల్లేకుంటే గిది పత్రికెట్లయితది? ఎవరినన్న బెదిరియ్యనీకి పెడ్తున్నవా?"

పక్క టేబుళ్లవాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. ఆయన ఒక పేజీ దగ్గర ఆగాడు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాల మీద కూర్చున్న ముసలామె. అది నేను తీసిందే.

"ఎవరీమె?"

"పేరు తెల్వదు సార్."

"ఏం చేసింది?"

"ఏం చెయ్యలేదు సార్. కూసున్నది."

గదంతా నవ్వింది. చాయ్ తెచ్చిన పిల్లగాడు కూడా. నా చెవులు కాలిపోయాయి. ముఖ్యమైనోళ్లవే ఫొటోలైతే ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ నిజాం కొలువులో తీసినవి చాలు, ఇంక ఎవరూ కెమెరా పట్టక్కర్లేదు. మన వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ 2022లో పోయేదాకా తెలంగాణ పల్లెల్లో తీసింది ఇలాంటి మనుషుల్నే. ఇవన్నీ బస్సెక్కాక గుర్తొచ్చాయి. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు.

చివరికి ఆయనే అన్నాడు, "కెమెరా మంచిగున్నట్టుంది. మా మేనల్లుని పెండ్లికి ఎంత తీసుకుంటవ్?"

ఆ రాత్రి చట్టం తీసి చదివా. ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. పీరియాడికల్ అంటే ప్రజా వార్తలు గానీ, వాటి మీద వ్యాఖ్యలు గానీ ఉండాలని అందులో రాసుంది. అంటే ఆ పెద్దమనిషి "వార్తలేవి?" అని అడగడం సరైనదే! నన్ను అంత నవ్వులపాలు చేసినవాడే న్యాయంగా అడిగాడంటే, అది ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నంబరు వద్దనుకుందామా అంటే, మనసొప్పలేదు.

అందుకని ప్రతి ఫొటో కిందా నాలుగు వాక్యాలు రాయించా. ముసలామె కింద నేనే రాశా: రాత్రంతా యార్డులోనే ఉంది, పత్తిలో తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత, 12 దాటితే సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కొననే కొనదు, అందుకే ఎండ కోసం చూస్తోంది. రెండోసారి వెళ్తే అదే మనిషి అది పెదాలు కదుపుతూ చదివాడు. "మా నాయిన గూడ గిట్లనే కూసుంటుండె" అని ఫైలు పక్కన పెట్టుకున్నాడు. నవ్వినందుకు సారీ మాత్రం చెప్పలేదు.

ఇంకొకటి. మన దరఖాస్తు మీద జిల్లా అధికారులు 60 రోజుల్లో ఏమీ చెప్పకపోయినా పైన ఢిల్లీలో ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ నిర్ణయం తీసుకోవచ్చు. ఇది తెలిసుంటే మధ్యలో అన్నిసార్లు ఫోన్లు చేసి బతిమాలేవాణ్ణి కాదు. తారీకులు రాసిపెట్టుకోండి.

ప్రింటింగ్ గురించి ఒక్కటే మాట: స్క్రీన్ మీది నలుపు కాగితం మీద రాదు. ప్రూఫ్ చూడకుండా ఓకే చెప్పకండి. మా 300 కాపీలు వచ్చే వారం వస్తాయి.

మేనల్లుడి పెండ్లి ఫాల్గుణంలో ఉందట. ఆయన నంబరు నుంచి నిన్న రెండుసార్లు ఫోనొచ్చింది. ఎత్తలేదు.