పక్కటెముకలే కదా అన్నారు

మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు రాత్రి తొమ్మిదింటికి పడితే మళ్ళీ ఉదయం ఆరింటికి గానీ తెరుచుకోదు. అడవి జంతువులు వాహనాల కింద పడి చావకూడదని పెట్టిన నియమం అది. అయితే కార్తీకమాసంలో శ్రీశైలం వెళ్ళి తిరిగి వచ్చేవారందరూ ఆ తొమ్మిదింటిని మనసులో పెట్టుకొనే బయలుదేరుతారు కాబట్టి, చీకటి పడింది మొదలు గేటు పడేదాకా నల్లమల దారి మహా రద్దీగా ఉంటుంది. కణుజులనే పెద్ద జింకలు మేతకు కదిలేదీ ఆ వేళకే. పైగా చలికాలం వాటికి జతకట్టే కాలం, మగవి ఒకచోట నిలవవు. రెండేళ్ల కిందటి కార్తీకంలో వటవర్లపల్లి దాటాక మా కారుకు అడ్డం దూకింది అటువంటి మగ కణుజే.

అటవీశాఖ బోర్డుల మీద దానిని సాంబార్ అని రాస్తారు. బాగా ఎదిగిన మగది 200 కిలోలు దాటుతుంది, 300 కిలోల దాకా తూగేవీ ఉంటాయి. దాని కాళ్ళు పొడుగు కావడంతో కారు ముందుభాగం ఆ కాళ్ళకు మాత్రమే తగులుతుంది, మొండెం బరువంతా బానెట్ మీదుగా నేరుగా అద్దం మీదికి వస్తుంది. మా కారులో ఎయిర్‌బ్యాగు కూడా తెరుచుకోలేదు. బంపరుకు పెద్ద దెబ్బ తగలలేదు కనుక తెరుచుకోలేదని తరువాత మెకానిక్ చెప్పాడు. మా ఆయన వేగంగా నడిపారని నేను ఇప్పటికీ అనను. ఎదురుగా వస్తున్న లారీ వెలుతురులో ఆ జంతువు కనిపించిన క్షణానికే అది మా మీద ఉంది. అది వచ్చింది ఎడమవైపు నుంచి, ముందు సీటులో ఎడమవైపు కూర్చున్నది నేను. తలుపు లోపలికి నొక్కుకొనిపోయి నా ఎడమ డొక్కలో దిగబడింది.

అక్కడ సెల్ సిగ్నల్ ఉండదు. గూడెం వైపు నుంచి టార్చి పట్టుకొని పరుగెత్తుకొచ్చిన చెంచు వాచర్ ఒకాయన మొదట మమ్మల్ని కాక రోడ్డుకు అవతలి పొదలను చూశాడు. "ఒకటి దాటితే ఎనక ఇంకోటి ఉంటదమ్మా, కదలకుండ్రి" అని చెప్పి, రెండు వైపులా బండ్లను ఆపించి, అప్పుడు నన్ను దింపాడు. ఖాళీగా పోతున్న ఒక డీసీఎం డ్రైవరు పోలీసు కేసవుతుందేమోనని కాసేపు జంకి, మా అత్తమ్మ ఏడుపు చూడలేక మమ్మల్ని మన్ననూరు దాకా తెచ్చాడు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని ఇబ్బంది పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలో 2019లో సవరణ చేసి మరీ రాశారని నాకు తరువాత తెలిసింది. ఆ సంగతి ఆ దారిలో బండి నడిపే ఎవరికైనా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అక్కడి నుంచి 108లో వెళ్ళాము.

ఆ రాత్రి మమ్మల్ని చూసిన ప్రైవేటు ఆసుపత్రి పేరు రాయను. ఎక్స్‌రే తీసి, ఎడమవైపు కింది పక్కటెముకలు చిట్లాయని చెప్పారు. నుదుటికి కుట్లు వేశారు. కడుపులో ఏదో బరువుగా ఉందని, స్కాను తీయవలసిన అవసరం లేదా అని నేను అడిగినప్పుడు డ్యూటీ డాక్టరు నా ముఖం వైపు చూడనైనా చూడకుండా, చేతిలోని ఫోను చూస్తూ, "లారీ గుద్దిందా ఏంది మేడం, ఇంత భయపడుతున్నరు? పక్కటెముకలే కదా, గోలీలు వేసుకొని ఇంట్ల పండుకోండ్రి" అన్నాడు. పక్కనున్న నర్సు నవ్వింది. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదానిని, నన్ను చూసి ఎవరైనా నవ్వితే ఎందుకని నిలదీసే అలవాటున్నదానిని, ఆ రాత్రి మాత్రం సిగ్గుపడి నోరు మూసుకున్నాను. తెల్లవారాక కల్వకుర్తిలోని మా ఇంటికి పంపించారు.

ఇంటికి వచ్చిన మర్నాటి రాత్రి ఎడమ భుజం మొదలు దగ్గర నొప్పి మొదలైంది. భుజానికి ఏ దెబ్బా తగలలేదు, చెయ్యి ఎత్తితే ఎత్తగలుగుతున్నాను, కానీ నొప్పి మాత్రం లోపలి నుంచి పొడుస్తోంది. పడుకుంటే ఎక్కువవుతోంది, లేచి కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయి. మా మరిదికి ఫోను చేస్తే "గ్యాస్ అయ్యుంటది వదినా, సోడా తాగి పండుకో" అన్నాడు. నాకూ అదే నిజమైతే బాగుండుననిపించింది. దప్పికతో నీళ్ళు తాగుతూ, వాంతి చేసుకుంటూ, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. మా ఆయన రెండు రాత్రులుగా నిద్ర లేక మొద్దు నిద్ర పోతున్నారు, లేపడానికి మనసు రాలేదు. ఒక దశలో గడియారంలోని ముళ్ళు కనిపించడం మానేశాయి. చీకటి కమ్మడం కాదది, గది తెల్లగానే ఉంది, వస్తువుల అంచులు మాత్రం చెరిగిపోతున్నాయి. నేను చచ్చిపోతున్నానేమో అన్న ఆలోచన భయంతో కాక, రేపు ఆరో తరగతి పరీక్ష పేపర్లు ఎవరు దిద్దుతారన్న చికాకుతో వచ్చింది.

నన్ను కాపాడింది మా అత్తమ్మ. ఆమెతో నాకు ఇరవై ఏళ్లుగా చిన్నా పెద్దా తగవులు ఉన్నాయి, వాటిని దాచను. బాత్రూముకు లేచిన ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఓ కొడుకా లే, పిల్లకు సల్ల చెమట వట్టింది, పెదవులు సున్నం లెక్కయినయి" అని అరిచిన అరుపుకు వాడంతా లేచింది. హైదరాబాద్‌కు అంబులెన్సు కదిలాక ఆమె నా అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. ఆమనగల్లు దాటి మైసిగండి వచ్చినప్పుడు, గుడివైపు తిరిగి, "తల్లీ మైసమ్మా, నా కోడల్ని నాకు తిప్పి పంపు, నీకు యాటను కోస్త" అని మొక్కింది. ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది, తరువాతి మాటలేవీ గుర్తులేవు.

హైదరాబాద్‌లో పొట్ట మీద స్కాను యంత్రం పెట్టిన నిమిషానికే రక్తం కనిపించిందట. హిమోగ్లోబిన్ 6కు పడిపోయింది. చిట్లిన ప్లీహాన్ని (స్ప్లీన్‌ను) తీసివేశారు, రక్తం ఎక్కించారు, మిగిలినదంతా అందరి ఆపరేషన్ల వంటిదే. సర్జనుగారు తరువాత కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. ఎడమవైపు కింది పక్కటెముకల వెనుకనే ప్లీహం ఉంటుంది. దెబ్బకు అది లోపల చిట్లినా పైపొర తెగకపోతే రక్తం ఆ పొర కిందనే గడ్డకడుతూ కొన్ని గంటలు, కొన్ని రోజులు ఆగుతుంది, ఆ పొర తెగిననాడు ప్రాణం మీదికి వస్తుంది. కారిన రక్తం పొట్టకూ ఛాతీకీ నడుమనున్న పొరను ఒరుసుకుంటే ఆ నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుంది. కాబట్టి ఎడమ డొక్కలో దెబ్బ తగిలినవారు, జంతువు గుద్దినా, మోటారుసైకిలు హ్యాండిలు గుచ్చుకున్నా, ఎవరు నవ్వినా సరే, పొట్ట స్కాను అడగండి, ఒకసారి బాగుందన్నా నొప్పి మారితే మళ్ళీ అడగండి. దెబ్బ తగలని భుజం నొప్పి పుడితే సోడా తాగకండి.

పరామర్శకు వచ్చిన బంధువులలో సగం మంది అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఆ కణుజును ఏం జేసిన్రు?" అని. మాంసం సంగతి. అటవీశాఖవారు పంచనామా చేసి తీసుకుపోయారని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముక్క దగ్గర పెట్టుకున్నా నేరమేనని మా ఆయన ఓపికగా ప్రతిసారీ చెప్పారు. ఒక పెద్దమనిషి అయితే "అంత పెద్ద జీవం పాయె" అని నా మంచం పక్కన కూర్చొని నిట్టూర్చాడు. నిజానికి నాకూ దాని మీద కోపం లేదు. దాని అడవిలో అది నడుస్తోంది. ఆ పెద్దమనిషి మీద మాత్రం ఉంది.

ప్లీహం లేనివారికి కొన్ని రకాల సూక్ష్మజీవులను అడ్డుకొనే శక్తి తగ్గుతుంది. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ అనే సూక్ష్మజీవులకు టీకాలు వేయించుకున్నాను, ఏటా ఫ్లూ టీకా కూడా వేయించుకుంటున్నాను. నాకు జ్వరం వస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. మలేరియా నాకు మామూలువారికంటే ప్రమాదం, కుక్క కాటు కూడా అంతే, బడి ఆవరణలో వీధికుక్కలను చూస్తే పిల్లలకంటే ముందు నేనే పక్కకు తప్పుకుంటున్నాను. మైసిగండిలో మొక్కు చెల్లించాము. యాటను కోయడం నాకు ఇష్టం లేకపోయినా ఆ రాత్రి మొక్కింది అత్తమ్మ, నేను కాదు, అడ్డు చెప్పే హక్కు నాకు లేదనుకున్నాను.

కోలుకున్నాక ఆపరేషను కాగితాలు పట్టుకొని ఆ మొదటి ఆసుపత్రికి వెళ్ళాను. ఆ డ్యూటీ డాక్టరు పై చదువుకు వెళ్ళిపోయాడన్నారు. మేనేజరు నా కాగితాలు తిరగేసి, "దేవుడి దయ మేడం, మీరైతే బతికిన్రు కదా" అని, నాకు ఉచితంగా ఫుల్ బాడీ చెకప్ చేస్తామని ఒక కూపన్ ఇచ్చాడు. అందులో పొట్ట స్కాను ఉన్నదా అని అడిగాను. లేదు, దానికి వేరే డబ్బులు కట్టాలన్నాడు.