మెండోజా మూడో గోల్ కొట్టిన రాత్రి

2015 డిసెంబరు 20, ఆదివారం. మరునాడు వైకుంఠ ఏకాదశి. ఆ ముందు రోజు తిరుపతి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. రైల్వే స్టేషను నుంచి గోవిందరాజస్వామి గుడి దాకా కాలు మోపడానికి చోటుండదు. అమ్మ సాయంత్రమే ఇల్లు కడిగి, తెల్లవారుజామున మూడింటికి లేవాలని, ఎనిమిదింటికల్లా అందరూ పడుకోవాలని హెచ్చరించింది. ఏడింటికేమో మడ్గావ్‌లోని ఫటోర్డా మైదానంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. గోవాకు అది సొంత గడ్డ. మాది చెన్నై జట్టు, చెన్నైయిన్.

మాది అంటే నాదీ, మా మేనమామదీ. నాన్నది మాత్రం గోవా. అందుకు కారణం గోవా జట్టు కాదు, దాని కోచ్, ఒకప్పటి బ్రెజిల్ ఆటగాడు జీకో.

నాన్న రేణిగుంటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు సాయంత్రాలు రైల్వే మైదానంలో బంతి ఆడేవాడు. 1986 ప్రపంచ కప్పు రోజుల్లో కాలనీలో టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంటికి రాత్రిపూట పదిమంది చేరేవారట. బ్రెజిల్, ఫ్రాన్స్ క్వార్టర్ ఫైనల్ గురించి నాన్న చెప్పగా నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జీకో బెంచీ మీద నుంచి వచ్చాడు. వచ్చిన కాసేపటికే పెనాల్టీ దొరికింది. కొట్టాడు. ఫ్రాన్స్ గోల్‌కీపర్ బాట్స్ ఆపేశాడు. స్కోరు 1–1 దగ్గరే ఆగిపోయి, చివరికి పెనాల్టీ షూటౌట్‌లో బ్రెజిల్ ఓడిపోయింది. "షూటౌట్‌లో జీకో తన వంతు గోల్ కొట్టాడమ్మా, ఆ సంగతి ఎవరూ చెప్పరు" అంటాడు నాన్న. ఇరవై తొమ్మిదేళ్లయినా ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు మారేది.

ఇక మామ. చెన్నై శివారు తాంబరంలో పుస్తకాలకు బైండింగ్ చేసే చిన్న దుకాణం ఆయనది. ఇల్లు ముడిచ్చూరులో. డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగి, తెల్లారేసరికి వాళ్ల ఇంట్లో ఛాతీ లోతు నీళ్లు. పక్కింటి మేడ మీద రెండు రోజులు ఉండి, బస్సులు తిరగడం మొదలుకాగానే అత్తనూ పిల్లవాడినీ తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ముగ్గురికీ కలిపి ఒక్క సంచి. మామ మాటకారి. అలాంటి మనిషి వచ్చిన రోజు నుంచి పెట్టింది తిని, వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఏమైనా అడిగితే తల ఊపేవాడు. అత్త అమ్మ దగ్గర ఏడిస్తే విన్నాను గానీ మామ ఏడవడం నేను చూడలేదు.

మా ఇద్దరికీ చెన్నైయిన్ పిచ్చి అంటుకున్నది 2014లో. ఆ డిసెంబరు 16న సెమీఫైనల్ రెండో మ్యాచ్‌కు నేను పొద్దున్నే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లాను. మామ సెంట్రల్ స్టేషనుకు వచ్చాడు. అక్కడి నుంచి నెహ్రూ స్టేడియం నడిచే దూరమే. మొదటి మ్యాచ్‌లో కేరళ చేతిలో 3–0తో ఓడి ఉన్నాం. ఆ రాత్రి మనవాళ్లు ఆ మూడు గోల్స్ లోటూ పూడ్చారు, మూడోది ఆట ముగిసేముందు జేజే కొట్టాడు. పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా అందరం అందరినీ కౌగిలించుకున్నాం. అదనపు సమయంలో, 117వ నిమిషంలో, కేరళ ఆటగాడు పియర్సన్ గోల్ కొట్టాడు. అంతే. కోయంబేడులో నన్ను బస్సు ఎక్కిస్తూ మామ, "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

ఆ వచ్చే ఏడు ఇదీ. లీగ్‌లో ఒక దశలో చెన్నైయిన్ పట్టికలో అట్టడుగున ఉంది. అక్కడి నుంచి చివరి నాలుగు మ్యాచ్‌లూ గెలిచి సెమీఫైనల్‌కు వచ్చింది. తీరా వచ్చాక ఊరు నీళ్లలో ఉంది. సొంత మైదానంలో ఆడాల్సిన సెమీఫైనల్‌ను పుణెకు మార్చారు. డిసెంబరు 12న అక్కడ కోల్‌కతాను 3–0తో ఓడించారు, తర్వాత కోల్‌కతాలో 2–1తో ఓడినా రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపిన లెక్కలో గట్టెక్కారు. పుణె మ్యాచ్ రాత్రి మామ వరండాలోంచి లేచి రాలేదు. నేను పిలిచాను. "నువ్వు చూడమ్మా" అన్నాడు. అంతకుముందు ఏడాది నా పక్కన గొంతు పోయేలా అరిచిన మనిషి అలా అనడం నన్ను ఎంత కుదిపేసిందో చెప్పలేను.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు మామ ఒక్కడే ముడిచ్చూరు వెళ్లి ఇంట్లో బురద ఎత్తి పోసి, ఒక ఇనుప పెట్టెతో తిరిగి వచ్చాడు. అందులో ఇంటి పత్రాలు, అత్త సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బమ్, పిల్లవాడి పుస్తకాలు. అన్నీ కలిసి ముద్దయిపోయి, ఇటుకల్లా బరువుగా ఉన్నాయి. బంకమట్టి వాసన. అమ్మ వాటిని ఎండలో పెడతానంటే మామ వద్దన్నాడు. ఎండకు పెడితే బిర్రబిగుసుకుపోయి పొరలు ఊడిరావట. ముందు గదిలో నేల మీద దినపత్రికలు పరిచి, సన్నటి స్టీలు స్కేలును కాగితాల మధ్యకు ఒక అంగుళం, మరో అంగుళం జరుపుతూ ఒక్కో పొరా విడదీశాడు. విడదీసిన ప్రతి కాగితం కిందా పైనా పత్రిక ముక్క. టీవీ ఉన్నదీ ఆ గదిలోనే. కాబట్టి ఫైనల్ రాత్రి మేమందరం గోడల వెంట ఒదిగి కూర్చున్నాం, నడుమ నేలంతా కాగితాలు. ఫ్యాను అతి నెమ్మదిగా తిరుగుతోంది. మామ టీవీ వైపు చూడకుండా స్కేలు జరుపుతున్నాడు.

మొదటి సగంలో గోల్ పడలేదు. నాన్న బొరుగుల గిన్నె ఒళ్లో పెట్టుకుని, జీకో కనబడినప్పుడల్లా "అదిగో" అంటున్నాడు. మన వైపు కోచ్ మాటెరాజ్జీ గీత పక్కన ఒక్కచోట నిలవడం లేదు.

54వ నిమిషం. గోల్ ముందు మన మెండోజాను పడగొట్టారు. పెనాల్టీ. పెలిస్సారి కొట్టాడు, గోవా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపాడు. నేను తల పట్టుకునేలోపే వెనక్కి వచ్చిన బంతిని పెలిస్సారే మళ్లీ కొట్టి గోల్ చేశాడు. నేనూ పిల్లవాడూ కేక పెట్టాం. మామ స్కేలు పట్టుకున్న చెయ్యి ఆగింది. నాలుగు నిమిషాలకే హావోకిప్ గోల్‌తో గోవా సమం చేసింది. ఇప్పుడు నాన్న కేక. ఇంకాసేపటికి మళ్లీ మనకే పెనాల్టీ. ఈసారి కొట్టింది మెండోజా. ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువగా పదమూడు గోల్స్ కొట్టిన కుర్రవాడు. కట్టిమణి దాన్నీ ఆపేశాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఒక్క రాత్రిలో రెండు పెనాల్టీలు ఆపాడు, వాడికి దండం పెట్టాలి!" అన్నాడు.

"అసలు రెండోది సరిగ్గా కొట్టనే లేదు బావా." మామ గొంతు.

నేను అత్త వైపు చూశాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తోంది. ఇరవై రోజుల్లో ఎవరూ అడగకుండా ఆయన పలికిన మొదటి మాట అది. నాన్నకూ తెలిసింది. తెలిసి కూడా జాలి చూపించకుండా, మెండోజా బాగానే కొట్టాడని, గొప్పతనమంతా కట్టిమణిదేనని వాదనకు దిగాడు. నాన్న ఆ రోజు చేసిన మంచి పని అదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. మామకు కోపం వచ్చింది. వాదించాడు. స్కేలు కింద పెట్టేశాడు. అమ్మ వంటింట్లోంచి "గంట ఎనిమిదిన్నర దాటింది" అని అరిచింది. ఎవరూ పలకలేదు.

87వ నిమిషంలో ఫ్రీ కిక్. గోవా ఆటగాడు జోఫ్రే కొట్టాడు, బంతి నేరుగా గోల్‌లోకి వెళ్లింది. 2–1. ఫటోర్డా అంతా ఊగిపోయింది. నాన్న చప్పట్లు కొట్టబోయి, మామ ముఖం చూసి చేతులు దించేశాడు. మామ ఏమీ అనలేదు. కాగితాల మధ్య జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు. పియర్సన్ గోల్ నా కళ్ల ముందు కదిలింది. నోటిదాకా వచ్చిన ముద్ద మళ్లీ జారిపోతోందని కడుపులో దేవినట్టయింది.

90వ నిమిషం. గోల్ ముందు గుంపు, కట్టిమణి పైకి లేచాడు, అతని చెయ్యి తగిలి బంతి సొంత గోల్‌లోకే పోయింది. 2–2. "మామా!" అని నేను అరిచిన అరుపు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. ఆయన గడపలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రావాలంటే కాగితాలు తొక్కాలి. అక్కడే ద్వారబంధం పట్టుకుని చూశాడు. ఇంకో రెండు నిమిషాలు. మెండోజా దగ్గరికి బంతి వచ్చింది. కొట్టాడు. గోల్.

మామ కాగితాల మీదుగానే వచ్చేశాడు. ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు, ఏవీ చూడలేదు. నన్నూ పిల్లవాడినీ కలిపి ఎత్తినంత పని చేశాడు. ఎవరి చెయ్యి స్విచ్చుకు తగిలిందో, ఫ్యాను ఒక్కసారిగా వేగం అందుకుని సగం కాగితాలు గదంతా ఎగిరాయి. అత్త వాటి వెంట పరుగెత్తుతూ నవ్వుతోంది, ఏడుస్తోంది. పక్కింటి నిండా ఏకాదశికి వచ్చిన చుట్టాలు. వాళ్లలో ఒక పెద్దాయన కంగారుగా తలుపు తట్టి, "ఎవరికేమైంది?" అని అడిగాడు.

"మా ఊరు గెలిచిందండీ" అన్నాడు మామ.

మైదానంలో మాత్రం సంగతి సవ్యంగా ముగియలేదు. గొడవ జరిగింది. గోవా యజమానుల్లో ఒకరు ఫిర్యాదు చేయడంతో మన కెప్టెన్ ఎలానోను పోలీసులు తీసుకువెళ్లారని తర్వాత తెలిసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మనసు కష్టంగా అనిపించింది. అలాంటి ఆటకు అలాంటి ముగింపు ఉండకూడదు, తప్పు ఎవరిదైనా సరే.

2018 మార్చి 17న చెన్నైయిన్ రెండోసారి గెలిచినప్పుడు నేనూ మామా బెంగళూరు కంఠీరవ మైదానంలోనే ఉన్నాం. అప్పుడూ 3–2. అప్పుడూ ఎదుటివాళ్ల సొంత గడ్డే. బెంగళూరు ఆటగాడు ఛెత్రీ మొదట్లోనే గోల్ కొట్టినా మైల్సన్ తలతో రెండు గోల్స్ కొట్టి మనల్ని నిలబెట్టాడు, రఫాయెల్ మూడోది కొట్టాడు. చిత్తూరు మీదుగా తిరుగు బస్సులో తెల్లవార్లూ మాట్లాడుకుంటూ వచ్చాం. మామ ఆ మ్యాచ్ గురించి అరగంట మాట్లాడి, మిగతా దారంతా ఫటోర్డా గురించే చెప్పాడు.

ఆ ఏకాదశి ముందు రాత్రి టీవీ కట్టేశాక నాన్న చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. "రెండు ఆపాడు పాపం" అన్నాడు. "రేపు అందరూ ఆ ఒక్కటే చెప్పుకుంటారు." కట్టిమణి గురించే అన్నాడో, జీకో గురించి కూడా అన్నాడో నేను అడగలేదు.

అమ్మ దీపాలు ఆర్పుతూ వచ్చేసరికి మామ వంటింట్లో ఉన్నాడు.

"అక్కా, మైదా ఉందా?"

"ఇప్పుడెందుకురా?"

"బంక కాయాలి. ఆల్బమ్‌కు అట్ట ఊడిపోయింది."

బైండింగ్‌కు మైదా బంక కాచేటప్పుడు పురుగు పట్టకుండా కాస్త మైలతుత్తం కలుపుతారు. మా ఇంట్లో అది లేదు. ఈ ఒక్కదానికి ఫరవాలేదులే అన్నాడు. స్టవ్ మీద గిన్నె పెట్టి, ఉండకట్టకుండా గరిటె తిప్పుతూ ఉంటే ఇల్లంతా ఆయన దుకాణం వాసన వచ్చింది. నాన్న లోపలికి వచ్చి ఆల్బమ్ అట్టను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మామ వేలితో బంక రాస్తున్నాడు.

"ఇంకాస్త ఇటు పట్టుకోండి బావా."

"పట్టుకుంటానుగానీ, ఆ రెండో పెనాల్టీ మాత్రం మెండోజా బాగానే కొట్టాడు" అన్నాడు నాన్న.